‘ళ’ పలకని స్పీకర్ నాకొద్దు

ముందే ఒక మాట. ఇది స్పీకర్ రివ్యూ కాదు. ఏ కంపెనీ కొనాలో, ఏ మోడల్ కొనకూడదో ఇందులో చెప్పను. మన క్లబ్ గ్రూప్‌లో "ఈసారి ఎవరైనా టెక్నికల్ టాపిక్ మీద తెలుగులో రాయండి" అని అడిగినప్పుడు నా దగ్గరున్న ఒకే ఒక్క టాపిక్ ఇది. వేసవి సెలవుల్లో మా ఇంటికి ఒక జత బుక్‌షెల్ఫ్ స్పీకర్లు కొనడానికి నేను పడ్డ తిప్పలు, ఆ తిప్పల్లోంచి నాకు ఏర్పడిన ఒక అభిప్రాయం. ఆ అభిప్రాయం కూడా ఇప్పుడే చెప్పేస్తాను. ఇంట్లో వినడానికి స్పీకర్ కొనేటప్పుడు బేస్‌తో కాదు, మాటతో పరీక్ష పెట్టాలి. ఆ పరీక్ష మన చెవులతో కాదు, ఇంట్లో అందరికంటే తక్కువ వినపడే మనిషి చెవులతో పెట్టాలి.

మా ఇంట్లో ఆ మనిషి మా తాతయ్య.

తాతయ్య రిటైర్డ్ తెలుగు పండిట్. తెనాలి దగ్గర ఒక ఊళ్ళో హైస్కూల్లో ముప్ఫై ఏళ్ళు తెలుగు చెప్పారు. నేనేమో ఎల్‌కేజీ నుంచి ఇంగ్లిష్ మీడియం, ఇంటర్‌లో మార్కుల కోసం సంస్కృతం తీసుకున్న బ్యాచ్. ఆ రోజు తాతయ్య కోప్పడలేదు. "మంచిదే నాన్నా, స్కోరింగ్ అంటగా" అన్నారు, అంతే. ఆయన నోట ‘స్కోరింగ్’ అనే మాట వినడం నాకు అదే మొదటిసారి. తిట్టినా అంత గుర్తుండేది కాదేమో.

నాకొచ్చిన నాలుగు పద్యాలూ పుస్తకంలోంచి వచ్చినవి కావు. చిన్నప్పుడు డాబా మీద ఆయన పక్కన పడుకుని విని నేర్చుకున్నవి. అంటే నాది పూర్తిగా చెవితో వచ్చిన తెలుగు. ఇప్పటికీ ‘వేల’, ‘వేళ’ రాసేటప్పుడు ఒక్క సెకను ఆగుతాను. ఆగి, తాతయ్య గొంతు గుర్తు చేసుకుని, అప్పుడు టైప్ చేస్తాను.

ఇలాంటి తాతయ్య రెండేళ్ళుగా రేడియో పెట్టడం మానేశారు. టీవీ మాత్రం చూస్తారు, వాల్యూమ్ 40 పెట్టి. నాన్న షాపు నుంచి రాగానే రిమోట్ తీసుకుని 18 చేస్తారు. తాతయ్య ఏమీ అనకుండా లేచి లోపలికి వెళ్ళిపోతారు. మా ఇంట్లో రోజూ రాత్రి ఎనిమిదిన్నరకి ఇదే సీన్. నేను హాస్టల్లో ఉండి తప్పించుకున్నాను గానీ, అమ్మ ఫోన్లో చెప్పేది.

ఈ వేసవిలో నాకు రెండు నెలల ఇంటర్న్‌షిప్, 15,000 స్టైపెండ్ వచ్చింది. నిజం చెప్పాలంటే మొదట నా ప్లాన్ వేరు. హాస్టల్ రూమ్‌లో గోడలు అదిరేలా ఒక సెట్ కొనాలని. మా రూమ్మేట్, నేను కలిసి నెల రోజులు వీడియోలు చూశాం. తర్వాత అమ్మ ఫోన్‌లో "తాతయ్య ఇప్పుడు పాటలు కూడా వినట్లేదురా, ఊరికే కూర్చుంటున్నారు" అంది. సరే, స్పీకర్లు ఇంటికే కొందాం అనుకున్నాను. నన్ను పెద్ద త్యాగమూర్తి అనుకోకండి. ఇంట్లో పెడితే సెలవుల్లో నేనూ వినొచ్చు అనే లెక్క కూడా ఉంది.

ఇక ఇంజనీరింగ్ బుద్ధి మొదలైంది. ఎక్సెల్ షీట్ తెరిచాను. ధర, వాట్లు, వూఫర్ సైజు, బ్లూటూత్ వెర్షన్, స్టార్ రేటింగ్. తొమ్మిది జతలు, పదకొండు కాలమ్స్. అందులో మొదట నన్ను మోసం చేసింది వాట్ల కాలమ్.

వాట్ల గురించి మన నాన్నల తరానికి ఒక అనుభవం ఉంది. వాళ్ళ రోజుల్లో టేప్ రికార్డర్ల మీద, స్పీకర్ల మీద ‘పీఎంపీఓ’ అని వేల వాట్లు రాసుండేవి. అరచేయంత స్పీకర్‌కి వెయ్యి వాట్లు! ఆ అంకెని ఎలా కొలవాలో అందరూ ఒప్పుకున్న స్టాండర్డ్ అంటూ ఏదీ లేదు, కాబట్టి ఎవడికి తోచింది వాడు రాసుకున్నాడు. ఇప్పుడు ఆ పేరు తగ్గింది గానీ, పెద్ద అంకెని చూసి మనం పడిపోవడం తగ్గలేదు. లెక్క మాత్రం చాలా సింపుల్. వాట్లు రెట్టింపు చేస్తే శబ్దం పెరిగేది 3 డెసిబెల్స్. చెవికి రెట్టింపుగా అనిపించాలంటే సుమారు 10 డెసిబెల్స్ పెరగాలి, అంటే పవర్ పది రెట్లు కావాలి. 50 వాట్ల స్పీకర్‌కీ 100 వాట్ల స్పీకర్‌కీ మధ్య తేడా మనం ఊహించుకున్నంత లేదన్నమాట. పైగా 86 డెసిబెల్స్ సెన్సిటివిటీ ఉన్న స్పీకర్‌కి ఒక్క వాట్ ఇస్తే, ఒక మీటర్ దూరంలో 86 డెసిబెల్స్ వస్తుంది. మామూలుగా మనం మాట్లాడుకునే మాట అదే దూరంలో 60 దగ్గర ఉంటుంది. అంటే మన పది అడుగుల గదుల్లో ఒకటీ రెండు వాట్లే ఎక్కువ. షీట్‌లోంచి ఆ కాలమ్ తీసేశాను.

చివరికి రెండు జతలు మిగిలాయి. ఒకటి కొత్తది, ఆంప్లిఫయర్ లోపలే ఉన్నది, ఆన్‌లైన్‌లో 14,000. ఏడు రోజుల్లో నచ్చకపోతే వెనక్కి ఇవ్వొచ్చు. చూడ్డానికి అద్దంలా మెరుస్తోంది. రెండోది మన కాలేజీ సీనియర్ అన్న ఉద్యోగం వచ్చి ఊరు మారుతూ అమ్మేస్తున్న పాత జత, చిన్న ఆంప్లిఫయర్‌తో కలిపి 6,000. దాని ముందు గుడ్డ ఒక మూల చిరిగి ఉంది. "ముందు తీసుకెళ్ళి విను, నచ్చితేనే డబ్బులివ్వు" అన్నాడు. రెండూ ఒకే వారంలో ఇంటికి చేరాయి.

తాతయ్య చూసి అడిగిన మొదటి ప్రశ్న, "వీటినేమంటారు?"

"బుక్‌షెల్ఫ్ స్పీకర్లు తాతయ్యా."

"అయితే నా పుస్తకాలు ఎక్కడ పెట్టుకోను?"

నవ్వొచ్చింది గానీ, ఆయన ప్రశ్నలో పాయింట్ ఉంది. 1950ల వరకు మంచి బేస్ కావాలంటే స్పీకర్ బీరువా అంత ఉండేది. 1954లో అమెరికాలో ఎడ్గర్ విల్చర్ అనే ఆయన, గాలి చొరబడకుండా మూసిన చిన్న పెట్టెలో లోపలి గాలినే స్ప్రింగ్‌లా వాడుకునే డిజైన్ తెచ్చాడు. అక్కడి నుంచే అరలో పట్టే స్పీకర్లు ఇళ్ళలోకి వచ్చాయి. పేరు అలా నిలిచిపోయింది. కానీ చాలా స్పీకర్లు అరలో ఇరికిస్తే సరిగ్గా పలకవు. గోడకి ఆనించినా, మూలకి తోసినా బేస్ ఉబ్బిపోతుంది. ఈ సంగతి నాకు థియరీగా తెలుసు. తెలిసీ నేను మొదట చేసిన పని ఏంటంటే, ఖాళీ ఎక్కడుందో చూసి కొత్త జతని తీసుకెళ్ళి ఇనప బీరువా మీద పెట్టడం.

మొదటి రోజు అందరికీ కొత్త జతే నచ్చింది. చెల్లి డాన్స్ కూడా చేసింది. బీరువా తలుపులు కూడా తాళం వేశాయి, అది వేరే విషయం. పాత జత పెట్టగానే "అబ్బే, ఇది డల్‌గా ఉందన్నయ్యా" అంది. అప్పుడు నాకు అనుమానం వచ్చి ఫోన్‌లో సౌండ్ మీటర్ యాప్ పెట్టి చూశాను. కొత్త జత దాదాపు 4 డెసిబెల్స్ ఎక్కువ మోగుతోంది. ఇది ఆడియోలో అన్నిటికంటే పాత మోసం. రెండు స్పీకర్లలో ఏది కొంచెం గట్టిగా మోగితే అదే ‘క్లియర్‌గా ఉంది’, ‘రిచ్‌గా ఉంది’ అనిపిస్తుంది. గట్టిగా ఉందని మాత్రం అనిపించదు. షాపులో మీకు రెండు జతలు వినిపించేటప్పుడు వాల్యూమ్ సమానంగా ఉందో లేదో అడగండి. అడగకపోతే మీరు పోలుస్తున్నది స్పీకర్లని కాదు, వాల్యూమ్ నాబ్‌ని.

రెండో మోసం కళ్ళది. ఫ్లాయిడ్ టూల్, షాన్ ఆలివ్ అనే ఇద్దరు 1994లో ఒక పేపర్ రాశారు. ఒకే మనుషులకి ఒకే స్పీకర్లని ఒకసారి చూపించి, ఒకసారి తెర వెనక పెట్టి వినిపించారు. కనిపించినప్పుడు వేసిన మార్కులు వేరు, కనిపించనప్పుడు వేసిన మార్కులు వేరు. సైజు, ధర, పేరు చెవిలోకి దూరిపోతాయన్నమాట. నేను కూడా కిటికీకి దుప్పటి కట్టి, వాల్యూమ్ సమానం చేసి, అమ్మకీ చెల్లికీ మళ్ళీ వినిపించాను. ఈసారి అమ్మ పాత జత దగ్గర ఆగి "ఇందులో సుశీల గారు దగ్గరగా ఉన్నారు" అంది. చెల్లి మాత్రం కొత్తదే కరెక్టుగా గుర్తుపట్టి, అదే కావాలంది. స్కోరు ఒకటి ఒకటి.

ఇక అసలు మనిషి తాతయ్య. "ఎలా ఉంది తాతయ్యా?" అంటే రెండిటికీ ఒకటే సమాధానం: "బాగుంది నాన్నా." తల ఊపడం. నవ్వడం. ఆ సమాధానంతో నా ఎక్సెల్ షీట్‌లో ఏం నింపాలి?

ఇక్కడ కొంచెం సైన్స్ చెప్పాలి, ఓపిక పట్టండి. వయసుతో వినికిడి తగ్గేటప్పుడు అన్ని ఫ్రీక్వెన్సీలూ సమానంగా తగ్గవు. ముందు పైవి పోతాయి. (ఫ్రీక్వెన్సీకి తెలుగు ‘పౌనఃపున్యం’ అని తాతయ్యే చెప్పారు. నాకు ఇంకా నోరు తిరగట్లేదు, క్షమించండి.) మన మాటలో అచ్చుల బలమంతా కింద ఉంటుంది. హల్లుల్ని గుర్తుపట్టించే సన్నని శబ్దాలు చాలావరకు పైన, సుమారు 2 నుంచి 8 కిలోహెర్ట్జ్ మధ్య ఉంటాయి, పైగా బలహీనంగా ఉంటాయి. అందుకే పెద్దవాళ్ళు "వినపడుతోంది, అర్థం కావట్లేదు" అంటారు. మనం విసుక్కుంటాం. కానీ వాళ్ళు చెప్పేది అక్షరాలా నిజం. అచ్చులు అందుతున్నాయి, హల్లులు జారిపోతున్నాయి. దానికి మనం బేస్ ఎక్కువున్న స్పీకర్ పెడితే ఇంకా దారుణం, ఎందుకంటే గట్టి కింది శబ్దం పై శబ్దాన్ని కప్పేస్తుంది. వాల్యూమ్ 40 పెట్టినా అర్థం కాకపోవడానికి కారణం ఇదే.

తెలుగు సంగతి చూడండి. ‘ల’కీ ‘ళ’కీ తేడా తెలిసేది ప్రధానంగా 2 నుంచి 3 కిలోహెర్ట్జ్ ప్రాంతంలో. నాలుక వెనక్కి మడిస్తే అక్కడి శక్తి కిందికి జరుగుతుంది. ‘స’ శక్తి ‘శ’ కంటే పైన ఉంటుంది. ఇప్పుడు స్పీకర్ వైపు రండి. రెండు డ్రైవర్లున్న బుక్‌షెల్ఫ్ స్పీకర్‌లో వూఫర్ పని ఆపి ట్వీటర్ పని అందుకునే చోటు, అదే క్రాసోవర్, సాధారణంగా ఎక్కడుంటుందో తెలుసా? అదే 2 నుంచి 3 కిలోహెర్ట్జ్ దగ్గర. అంటే స్పీకర్ తయారుచేసేవాడు తప్పు చేయడానికి ఎక్కువ అవకాశం ఉన్న చోటే మన ‘ళ’ కూర్చుని ఉంది. ట్వీటర్ చెవి ఎత్తుకి బాగా పైన ఉన్నా, స్పీకర్ పక్కకి తిరిగి ఉన్నా ముందు దెబ్బతినేది ఈ ప్రాంతమే.

ఇది నేను కనిపెట్టిన గొప్ప విషయమేం కాదు. మాటతో స్పీకర్‌ని పరీక్షించడం బీబీసీ ఇంజనీర్లు ఎప్పుడో చేశారు. ఒక గదిలో మనిషి మాట్లాడుతుంటే, పక్క గదిలో ఆ మాటని స్పీకర్లో విని, అసలు గొంతుతో పోల్చేవాళ్ళు. 1970ల్లో వాళ్ళు ప్రసార వ్యాన్ల కోసం తయారుచేసిన ఎల్ఎస్3/5ఏ అనే స్పీకర్ ఎత్తు ఒక్క అడుగు. బేస్ పెద్దగా ఉండదు. కానీ గొంతు విషయంలో దాని పేరు ఈనాటికీ చెప్పుకుంటారు. మనిషి గొంతు మనందరికీ పుట్టినప్పటి నుంచి తెలిసిన శబ్దం కాబట్టి అందులో తప్పు ఇట్టే పట్టేస్తాం. ఏదో సినిమా బ్లాస్ట్ సీన్ నిజంగా ఎలా ఉంటుందో మనలో ఎవరికి తెలుసు?

సరే, తాతయ్య ‘బాగుంది’ దగ్గర ఆగిపోయాం కదా. ఐడియా చెల్లిది. "తాతయ్యకి డిక్టేషన్ పెడదాం అన్నయ్యా" అంది. ముప్ఫై ఏళ్ళు వేలమందికి డిక్టేషన్ చెప్పిన మనిషికి డిక్టేషన్! అడిగితే తిడతారేమో అనుకున్నాం. ఆయన ఉత్సాహంగా పెన్ను వెతుక్కున్నారు.

40 మాటలు రాసుకున్నాం. కల, కళ. వేల, వేళ. సకలం, శకలం. పుట్ట, బుట్ట. తడి, దడి. ఇలా ఒక్క అక్షరం తేడా ఉన్నవి. చెల్లి గొంతుతో ఫోన్‌లో రికార్డ్ చేశాం. తాతయ్య పడక కుర్చీ దగ్గర 65 డెసిబెల్స్ ఉండేలా రెండు జతలకీ వాల్యూమ్ సరిచేశాను. ప్రతిసారీ మాటల వరస మార్చాను.

బీరువా మీద కొత్త జత: 40కి 22. బీరువా మీద పాత జత: 25.

మర్నాడు రెండిటినీ కిందికి దించాను. రెండు స్టూళ్ళ మీద, గోడకి అడుగున్నర దూరంలో, ట్వీటర్ సరిగ్గా పడక కుర్చీలో కూర్చున్న తాతయ్య చెవి ఎత్తుకి వచ్చేలా, రెండూ ఆయన వైపు తిప్పి. కొత్త జత వెనకున్న బేస్ నాబ్ తగ్గించాను. కొత్తది 30. పాతది 33.

మాటలు అలవాటై మార్కులు పెరిగాయేమో అని మూడో రోజు పాత జతని మళ్ళీ బీరువా ఎక్కించాను. 24కి పడిపోయింది.

నాకు తెలుసు, ఒక్క మనిషి, 40 మాటలు, ఇది రీసెర్చ్ కాదు. 30కీ 33కీ మధ్య తేడా ఊరికే కూడా రావొచ్చు, దాని మీద నేను పందెం కాయను. కానీ బీరువా మీదకీ స్టూల్ మీదకీ మధ్య రెండు జతలకీ ఎనిమిదేసి మార్కుల తేడా వచ్చింది. 8,000 ఎక్కువ పెట్టినా రాని మార్పు, రెండు ప్లాస్టిక్ స్టూళ్ళతో వచ్చింది. నెల రోజులు పదకొండు కాలమ్స్‌తో నింపిన నా షీట్‌లో ‘ఎక్కడ పెడతాం’ అనే కాలమే లేదు!

గది గురించి కూడా ఒక లెక్క. మా ముందు గది 10 అడుగులు బై 10 అడుగులు. స్లాబు ఎత్తు కూడా 10 అడుగులే. మన ఇళ్ళలో ఇది చాలా మామూలు. శబ్దం వేగం సెకనుకి 343 మీటర్లు. దాన్ని గది పొడవుకి రెట్టింపుతో భాగిస్తే ఆ గది సొంతంగా మోగే మొదటి ఫ్రీక్వెన్సీ వస్తుంది. 10 అడుగులంటే 3.05 మీటర్లు, కాబట్టి సుమారు 56 హెర్ట్జ్. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ ఒకటే కావడంతో మూడు వైపులా అదే 56. అంటే ఏ స్పీకర్ పెట్టినా ఆ నోటు దగ్గర మా గది హుమ్మంటుంది. సుమారు 200, 300 హెర్ట్జ్ కింద మనం వినేది సగం స్పీకర్, సగం గది. దానిపైన స్పీకర్ గుణమే ఎక్కువ. కాబట్టి "దీని బేస్ సూపర్" అని ఎవరైనా అంటే, ఎవరి గదిలో అని అడగాలి. మాట మాత్రం ఎక్కువభాగం ఆ హద్దుకి పైనే ఉంటుంది. మాటతో పరీక్షించమని నేననడానికి ఇది ఇంకో కారణం.

ఇంకో పరీక్ష చెప్తాను, పైసా ఖర్చు లేదు. ఒక పాత మోనో పాట పెట్టండి. 1957 నాటి ‘మాయాబజార్’ పాటలు అలాంటివే. (రీమిక్స్ చేసి స్టీరియో అని పెట్టినవి వద్దు.) రెండు స్పీకర్లలోంచి అచ్చంగా ఒకే శబ్దం వస్తుంది కాబట్టి, ఘంటసాల గారు రెండు పెట్టెలకీ సరిగ్గా మధ్యలో, ఎవరూ లేనిచోట నిలబడి పాడుతున్నట్టు వినిపించాలి. గొంతు ఎడమకో కుడికో ఒరిగితే, స్పీకర్లు పెట్టిన పద్ధతిలోనో, జతలోనో, లేదా మీ గదిలోనో తేడా ఉంది. మా ఇంట్లో మొదటిరోజు ఆయన తలుపు వైపు ఒరిగి పాడారు. స్టూళ్ళ మీద పెట్టాక మధ్యకి వచ్చారు. ఆ రోజు తాతయ్య ఏమీ అనకుండా, స్పీకర్ల మధ్య ఖాళీ గోడ వైపు చూస్తూ పాట మొత్తం విన్నారు.

దీనికి అభ్యంతరాలు వస్తాయని తెలుసు. మా రూమ్మేట్ ఆల్రెడీ మూడు చెప్పాడు.

ఒకటి, "ఈ రోజుల్లో స్పీకర్లు ఎవడ్రా కొనేది, ఇయర్‌బడ్స్ చాలు." నిజమే, ఒక్కడికి చాలు. కానీ మా ఇంట్లో పాట అంటే తాతయ్య కుర్చీలో, అమ్మ వంటింట్లో, చెల్లి హోంవర్క్ దగ్గర అందరూ ఒకేసారి వినేది. నాలుగు జతల ఇయర్‌బడ్స్ కొంటే నలుగురూ వింటారు, కలిసి మాత్రం వినరు.

రెండు, "మేం వినే పాటల్లో బేసే ప్రాణం." నేనూ అవే పాటలు వింటాను. బేస్ తప్పని నేను అనట్లేదు. వరస మార్చమంటున్నాను. ముందు మాట తేలాలి, తర్వాత బేస్ చూసుకోవాలి. బేస్ తర్వాత వేరే పెట్టెతో కలుపుకోవచ్చు. మసకబారిన మాటని ఏ నాబ్ తిప్పినా తిరిగి తేలేం.

మూడు, కాస్త గట్టిది. "మీ తాతయ్యకి కావాల్సింది స్పీకర్ కాదురా, చెవి డాక్టర్." దీనికి నా దగ్గర ఎదురు సమాధానం లేదు. వాడు చెప్పింది కరెక్ట్. మంచి స్పీకర్ అందివ్వాల్సింది అందిస్తుంది, చెవిలో పోయినదాన్ని తెచ్చివ్వదు. 40కి 33 అంటే ఇంకా ఏడు పోయినట్టే కదా. పైగా అది నిశ్శబ్దంగా ఉన్న గదిలో, ఫ్యాన్ ఆపి, ఒక్కో మాట విడివిడిగా చెప్తే వచ్చిన మార్కు. ఇంట్లో నలుగురం ఒకేసారి మాట్లాడుతుంటే ఆయనకి ఎన్ని అందుతున్నట్టు?

ఆ ప్రశ్న ఆయనే వేసుకున్నారు. మొదటి రోజు 22 వచ్చిన కాగితాన్ని నేను దాచేద్దామనుకున్నాను. ఆయన అడిగి తీసుకున్నారు. ఎర్ర పెన్ను తెచ్చుకుని, చెల్లి లిస్టు పక్కన పెట్టుకుని, తన పేపర్ తనే దిద్దుకున్నారు. ‘శకలం’ అన్నచోట ‘సకలం’ అని ఉంది. దానికింద గీత గీసి కాసేపు చూశారు. "నాకు వినపడిందే రాశాను నాన్నా" అన్నారు. తర్వాత చిన్నగా, "రెండేళ్ళ నుంచి మీరందరూ మాట్లాడుతుంటే సగం ఊహించుకుని తల ఊపుతున్నాను. అడిగితే విసుక్కుంటారని" అన్నారు. టీవీ ఎందుకు వదలరో అప్పుడు అర్థమైంది. వార్తలు చదివేవాళ్ళ పెదాలు కనిపిస్తాయి. రేడియోకి పెదాలుండవు.

నాన్న ఆ సమయానికి గుమ్మంలో చెప్పులు విప్పుతున్నారు. విన్నారో లేదో తెలీదు. ఆ రాత్రి మాత్రం రిమోట్ ముట్టుకోలేదు.

కొత్త జత ఆరో రోజు వెనక్కి పంపేశాను. చెల్లి రెండు రోజులు నాతో మాట్లాడలేదు. సీనియర్ అన్నకి 6,000 ఇచ్చాను. స్టూళ్ళు ఇంట్లోవే. మిగిలిన 9,000 అమ్మ దగ్గర ఉంచి, తాతయ్యకి వినికిడి పరీక్ష చేయించమన్నాను. ఆడియోగ్రామ్ అంటారు, ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత వినికిడి ఉందో గ్రాఫ్ వస్తుంది. మన స్పీకర్ గ్రాఫ్‌లకి ఇచ్చే గౌరవంలో పదో వంతు ఈ గ్రాఫ్‌కి ఇవ్వలేదే అని సిగ్గనిపించింది. తాతయ్య ఇంకా ఒప్పుకోలేదు. "చెవికి మిషన్ పెట్టుకుని తిరిగితే స్కూల్లో నా స్టూడెంట్స్ ఏమనుకుంటారు" అంటున్నారు. ఆ స్టూడెంట్స్‌లో కొందరు ఈపాటికి రిటైర్ అయ్యుంటారు. దసరా సెలవులకి వెళ్ళినప్పుడు మళ్ళీ అడుగుతాను.

కాబట్టి మిత్రులారా, మీరు స్పీకర్లు కొనేటప్పుడు గ్రాఫ్‌లు చూడండి, లిస్టు కుదించుకోవడానికి అవి పనికొస్తాయి. వాల్యూమ్ సమానం చేసి వినండి. వీలైతే కళ్ళు మూసుకుని వినండి. వెనక్కి ఇచ్చే వీలున్న చోటే కొనండి, ఎందుకంటే షాపు గది మీ గది కాదు. కానీ అన్నిటికంటే ముందు, మీ ఇంట్లో ఒక కుర్చీ ఎంచుకోండి, అందులో ఎప్పుడూ ‘బాగుంది’ అనే మనిషిని కూర్చోబెట్టండి, పది మాటలు డిక్టేషన్ చెప్పండి. స్పీకర్ కొనే ఆలోచన లేకపోయినా సరే, చెప్పండి.

ఈ వ్యాసం టైప్ చేశాక తప్పులు చూడమని తాతయ్యకి ఫోన్ చేసి చదివి వినిపించాను. ఫోన్‌లో సగమే అందిందట, ప్రింట్ తీసి పంపమన్నారు. పంపాను. పదకొండు తప్పులు దిద్ది పంపారు. అందులో నాలుగు ‘ళ’లే.